ఆపరేషనా, ఏటేటా పరీక్షలా: ఎంచుకునే వీలు అందరికీ ఉండాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. తిరుపతిలో అలిపిరి దగ్గర టాటా ట్రస్టుల, టీటీడీ చొరవతో క్యాన్సర్ ఆసుపత్రి వచ్చింది, అక్కడే స్విమ్స్ ఆసుపత్రి ఎప్పటి నుంచో ఉంది, మా చిత్తూరు వాళ్లకు వేలూరు ఆసుపత్రి గంట ప్రయాణం. జబ్బు వచ్చినవారికి ఇన్ని దారులున్న ఈ ప్రాంతంలో, జబ్బు ఇంకా రాకపోయినా వంశపారంపర్యంగా వచ్చే ముప్పు ఉందని తేలిన ఆడవాళ్ల గురించి మాట్లాడేవారు తక్కువ. మా ఇంట్లో అనుభవమైంది కనుక రాస్తున్నాను.

మా అమ్మ నలభై నాలుగో ఏట రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. తరువాత పిన్నికీ అదే జబ్బు వస్తే జన్యు పరీక్ష చేసి బీఆర్‌సీఏ1 అనే జన్యువులో లోపం ఉందన్నారు. ఈ లోపం ఉంటే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు బాగా పెరుగుతుంది. మా అక్కకు చేయిస్తే ఆమెకూ అదే తేలింది. ముప్పై రెండేళ్ల అక్క చంటిపాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉండగానే, ఒక ఆసుపత్రిలో డాక్టరు గారు "రెండు రొమ్ములూ తీయించేసుకోండమ్మా, నిశ్చింతగా ఉంటారు" అని ఐదు నిమిషాల్లో పంపేశారు. ఇంటికొచ్చాక అక్క ఆ రిపోర్టును అత్తగారి కంట పడకుండా బీరువాలో పెళ్లిచీర మడతల్లో దాచింది.

ఆ డాక్టరు గారి మాట అబద్ధం కాదు. ఈ లోపం ఉన్న వందమంది ఆడవాళ్లలో 55 నుంచి 72 మందికి జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ వస్తుందని అంచనా; ముందే రొమ్ములు తీయించుకుంటే ఆ ముప్పు 90 శాతానికి పైగా తగ్గుతుంది. 2013లో నటి ఏంజెలినా జోలీ అలాగే చేయించుకున్నారని మా బంధువులు కూడా అక్కను తొందరపెట్టారు. అయితే రెండో దారి ఉందని ఎవరూ చెప్పలేదు. మరోచోట జన్యు సలహాదారు ముప్పావు గంట కూర్చోబెట్టి, తెలుగులో, అక్క అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబిచ్చాకే ఆ సంగతి తెలిసింది: 25 ఏళ్ల నుంచి ఏటా రొమ్ముల ఎమ్మారై స్కాన్, 30 దాటాక దానికి తోడు మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే). చిన్న వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది కనుక మామోగ్రామ్ ఒక్కటే చాలదట. ఈ పరీక్షలు జబ్బును రానివ్వకుండా ఆపవు, వస్తే చిన్నగా ఉండగానే పట్టిస్తాయి, అంతే. అండాశయ క్యాన్సర్‌ను మాత్రం అలా ముందే పట్టే నమ్మదగిన పరీక్ష లేదు. అందుకే పిల్లలు పుట్టాక, 35-40 ఏళ్ల మధ్య అండాశయాలను తీయించుకోమని సలహా ఇస్తారు.

అక్క ఇంకో బిడ్డను కని పాలిచ్చాక ఆపరేషన్ సంగతి ఆలోచిస్తానని, అప్పటిదాకా ఏటా పరీక్షలు చేయించుకుంటానని నిర్ణయించుకుంది. మొదటి ఎమ్మారైకే చేతి గాజులు కుదువ పెట్టింది. వచ్చే ఏడాది, ఆపై ఏడాది ఏం పెడుతుంది? మధ్యలో ఒక ఏడాది తప్పిపోతే ఆ దారి ఎంచుకున్న ప్రయోజనమే దెబ్బతింటుంది. డబ్బు లేక పరీక్షలు మానుకుని ఆపరేషన్‌కు ఒప్పుకుంటే అది ఆమె ఎంచుకున్నది ఎలా అవుతుంది? ఆపరేషన్ కావాలనుకున్న ఆమెకు అదీ, రొమ్ము పునర్నిర్మాణమూ అందుబాటులో ఉండాలి. వద్దనుకున్న ఆమెకు ఏటేటా ఎమ్మారై అందాలి.

కనుక ముప్పు తేలిన కుటుంబాల జన్యు పరీక్ష, తెలుగులో సలహా, ఏటా ఎమ్మారై, ఈ మూడింటికీ ఎన్టీఆర్ వైద్యసేవలో స్పష్టమైన హామీ ఇవ్వాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. ఇళ్లకు వచ్చే ఏఎన్‌ఎంలు (ఆరోగ్య కార్యకర్తలు) అమ్మ వైపే కాక నాన్న వైపు కూడా ఎవరికైనా ఈ క్యాన్సర్లు వచ్చాయా అని అడిగి రాసుకోవాలి. ఈ లోపం మగవాళ్ల ద్వారా కూడా పిల్లలకు సగానికి సగం అవకాశంతో చేరుతుందని మా వీధిలో చదువుకున్నవారికే తెలియదు. మా అన్నయ్య ఇప్పటికీ పరీక్ష చేయించుకోలేదు. ఆయనకు ఇద్దరు ఆడపిల్లలు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
చిత్తూరు