కౌంటీ జైలు మరమ్మతు, మన సంఘం జమా ఖర్చులు: సభ్యులకు వివరణ

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, మన జిల్లాలాంటి ఫుల్టన్ కౌంటీ బడ్జెట్‌ను, అందులోనూ అట్లాంటా రైస్ స్ట్రీట్‌లోని జైలు పద్దును గమనించేందుకు 2024 ఫిబ్రవరిలో జాన్స్ క్రీక్, ఆల్ఫరెటా పట్టణాల తెలుగువాళ్లం కలిసి ఏర్పరచుకున్న ఈ సంఘానికి వచ్చిన సొమ్ము, అయిన ఖర్చు, 2025 జనవరి 31 నాటికి మిగిలిన నిల్వ ఈ కింద సభ్యుల ముందు ఉంచుతున్నాము. లెక్కల్లోకి వెళ్లేముందు ఒక సందేహం తీర్చవలసి ఉంది. "జైలు మరమ్మతుకు చందా ఇచ్చాం కదా, ఎంతవరకు బాగుచేశారు?" అని కొందరు సభ్యులు అడిగారు. మన చందాలో ఒక్క డాలరు కూడా జైలుకు పోలేదు, పోవాలని మనం వసూలు చేయనూ లేదు. జైలు బాగుకు పెట్టవలసిన సొమ్ము మనం ఏటా కట్టే ఆస్తిపన్నులోనే ఉంది, అది ఎటు పోతోందో తెలుసుకోవడానికే ఈ చందా.

జమ విషయానికి వస్తే, 58 కుటుంబాలు కుటుంబానికి 30 డాలర్ల చొప్పున ఇచ్చినది 1,740 డాలర్లు. ఉగాదినాడు పెట్టిన పులిహోర, మిరపకాయ బజ్జీల దుకాణంలో సరుకుల ఖరీదు పోగా మిగిలినది 412 డాలర్లు. మొత్తం జమ 2,152 డాలర్లు.

ఖర్చులో పెద్దది నాలుగు సమావేశాలకు హాలు అద్దె, 480 డాలర్లు. తెలుగు కరపత్రాల అచ్చుకు 390 అయింది. కౌంటీ పత్రాల నకళ్లకు 236 డాలర్ల 40 సెంట్లు చెల్లించాము. జార్జియా బహిరంగ పత్రాల చట్టం ప్రకారం పేజీకి 10 సెంట్లు మించి తీసుకోకూడదు, వెతకడానికి పట్టే మొదటి పావుగంట ఉచితం. మనం తీసుకున్నవి 1,164 పేజీలు, వాటికి 116 డాలర్ల 40 సెంట్లు, వెతికిన సమయానికి మిగతా 120. కౌంటీ కమిషనర్ల బోర్డు (కమిషన్) సమావేశాలకు తొమ్మిదిసార్లు అట్లాంటా వెళ్లినప్పుడు కారు నిలిపినందుకు 135, టీ, ఫలహారాలకు 168 డాలర్ల 25 సెంట్లు. మొత్తం ఖర్చు 1,409 డాలర్ల 65 సెంట్లు, నిల్వ 742 డాలర్ల 35 సెంట్లు.

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. మొదటిసారి వేయించిన కరపత్రంలో 8.87 అని ఉండవలసిన కౌంటీ ఆస్తిపన్ను రేటు 88.7 అని పడింది. ప్రూఫు నలుగురం చూశాము, నలుగురి కళ్లూ గప్పి పోయింది. పంచిన మరునాడే ఒక పెద్దాయన ఫోను చేసి, "బాబూ, ఇల్లు అమ్ముకోమంటారా?" అని అడిగితేగాని తెలియలేదు. మళ్లీ అచ్చు వేయించడానికి అయిన 210 డాలర్లను కార్యవర్గ సభ్యులు నలుగురూ సొంతంగా భరించారు కాబట్టి పై లెక్కలో చూపలేదు.

ఆ రేటు సంగతే వివరంగా చెబుతాము, ఎందుకంటే కౌంటీ జమ అంతా దాని మీదే నడుస్తుంది. జార్జియాలో ఇంటి మార్కెట్ విలువలో 40 శాతం మీద మాత్రమే పన్ను వేస్తారు. ఆ 40 శాతం విలువలో ప్రతి వెయ్యి డాలర్లకు ఎన్ని డాలర్లో చెప్పేదే మిల్లేజ్ రేటు. ఫుల్టన్ కౌంటీ సాధారణ నిధికి 2023లోనూ 2024లోనూ ఆ రేటు 8.87. అంటే 5 లక్షల డాలర్ల ఇంటికి లెక్కలోకి వచ్చేది 2 లక్షలు, మినహాయింపులు తీయకముందు పన్ను 1,774 డాలర్లు. మీ పన్ను బిల్లులో పెద్ద అంకె సాధారణంగా బడులది, కౌంటీది వేరే వరుసలో ఉంటుంది. షెరీఫ్ (కౌంటీ భద్రతాధికారి) కార్యాలయం, జైలు, కోర్టులు ఈ సాధారణ నిధి నుంచే నడుస్తాయి. ఇవికాక, జైళ్ల నిర్మాణానికి, నిర్వహణకు కౌంటీ తీర్మానించుకున్న చోట జరిమానాల మీద 10 శాతం అదనంగా వసూలు చేయడానికి రాష్ట్ర చట్టం ఒప్పుకుంటుంది. జీఏ 400 రహదారి మీద వేగంగా పోయి జరిమానా కట్టిన మన కుర్రాళ్లు రశీదు మరోసారి చూసుకుంటే మంచిది. సమావేశాలకు ఉత్సాహంగా వచ్చిన కమింగ్ పట్టణ మిత్రులకు మాత్రం ఒక మాట: మీ పన్ను ఫోర్సైత్ కౌంటీకి పోతుంది, ఈ జైలు ఖర్చు మీ నెత్తిన లేదు.

ఇక ఖర్చు చేసేది ఎవరన్నది. ఆంధ్ర, తెలంగాణల్లోని మన ఊళ్లలో జైలు రాష్ట్ర ప్రభుత్వ శాఖ, దాని కప్పు కారితే జిల్లా పరిషత్తును అడిగేవారు ఉండరు. ఇక్కడ జైలును నడిపేది ప్రజలు ఎన్నుకున్న షెరీఫ్, డబ్బు మంజూరు చేసేది ఏడుగురు కమిషనర్ల బోర్డు. మంజూరైన సొమ్మును ఎలా వాడాలన్నది చాలావరకు షెరీఫ్ చేతిలో ఉంటుంది. కాబట్టి తాళం పనిచేయకపోతే డబ్బు చాలలేదని ఒకరు, ఇచ్చినది సరిగా వాడలేదని మరొకరు చెప్పే వీలుంది. ఇద్దరి మాటలూ కాగితాల మీద నిజంగానే కనిపిస్తాయి.

1989లో తెరిచిన ఈ జైలును 1,125 మందికి సరిపోయేలా కట్టారు. తరువాత గదుల్లో మంచాలు పెంచి అంతకు రెట్టింపుకు మించి ఉంచారు. నీటి గొట్టాలు, మురుగు కాలువలు, తలుపుల యంత్రాలు మాత్రం మొదటి లెక్కకు అమర్చినవే. 2006 నుంచి 2015 వరకు ఈ జైలు ఫెడరల్ (కేంద్ర) కోర్టు పర్యవేక్షణలో ఉంది. 2022 సెప్టెంబరులో మానసిక రోగుల విభాగంలో 35 ఏళ్ల వ్యక్తి ఒళ్లంతా నల్లులు, పురుగులు కుట్టిన స్థితిలో చనిపోయాడు, మరుసటి ఏడాది ఆ కుటుంబానికి 40 లక్షల డాలర్ల పరిహారానికి ఒప్పందం కుదిరింది. 2023 జూలైలో ఫెడరల్ న్యాయశాఖ విచారణ మొదలుపెట్టి, 2024 నవంబరులో నివేదిక ఇచ్చింది. పనిచేయని తాళాలు, పొంగే మరుగుదొడ్లు, బయటపడిన కరెంటు తీగలు, బొద్దింకలు, ఎలుకలు అందులో ఉన్నాయి. శిథిలమైన గోడల నుంచి, సామగ్రి నుంచి ముక్కలు ఊడబెరికి ఖైదీలు ఆయుధాలు చేసుకుంటున్నారనీ ఉంది. అక్కడ ఉన్నవారిలో ఎక్కువమంది ఇంకా విచారణ ముగియనివారే.

షెరీఫ్ పాట్రిక్ లాబాట్ కొత్త జైలే కావాలని గట్టిగా కోరారు. 170 కోట్ల డాలర్లు దాటుతుందన్న ఆ ప్రతిపాదనను 2024 జూలైలో కమిషన్ పక్కన పెట్టి, ఉన్నదాన్ని బాగుచేసే దారి పట్టింది. కొత్త కట్టడం వద్దనడం మా దృష్టిలో తప్పు కాదు. మరమ్మతును ఏళ్ల తరబడి వాయిదా వేస్తూ దాన్ని పొదుపు అనుకోవడమే తప్పు. 2022లో అట్లాంటా నగర జైలులో 700 పడకల వరకు, పడకకు రోజుకు 50 డాలర్ల చొప్పున కౌంటీ అద్దెకు తీసుకోవడానికి ఒప్పందమైంది. పడకలన్నీ నిండితే ఏడాదికి 1 కోటి 27 లక్షల 75 వేల డాలర్లు. అద్దె కట్టినంతకాలం అక్కడ మనుషులకు చోటు దొరుకుతుంది, అది అవసరమే. కానీ ఆ సొమ్ముతో రైస్ స్ట్రీట్‌లో ఒక్క గొట్టం కూడా మారదు. పరిహారాల సంగతీ అంతే. ఇవన్నీ లెక్కలో ఖర్చుగానే కనిపిస్తాయి, వాయిదా పడిన మరమ్మతు మాత్రం ఏ వరుసలోనూ కనిపించదు. మన కరపత్రం మొత్తం ఈ ఒక్క విషయం చెప్పడానికే.

జైలు పరిస్థితులను చక్కదిద్దేందుకు న్యాయశాఖకు, కౌంటీకి మధ్య కుదిరిన ఒప్పందం 2025 జనవరిలో కోర్టు ముందుకు వచ్చింది. కౌంటీ ఆర్థిక సంవత్సరం జనవరి 1న మొదలై, బడ్జెట్ ఆ నెలలోనే ఖరారవుతుంది, పన్ను రేటు వేసవిలో తేలుతుంది. పన్ను పెంచదలిస్తే మూడు బహిరంగ విచారణలు జరపాలి. కాబట్టి నిల్వ ఉన్న 742 డాలర్ల 35 సెంట్లను 2025 వేసవి విచారణలకు, 2026 జనవరికి అట్టేపెట్టాలని కార్యవర్గం తీర్మానించింది. వద్దనుకున్న కుటుంబం తన వంతు 12 డాలర్ల 79 సెంట్లు వెనక్కి తీసుకోవచ్చు. రశీదుల కట్ట, బ్యాంకు పుస్తకం వచ్చే సమావేశంలో బల్ల మీద ఉంటాయి. కారు నిలిపిన రశీదులలో ఒకటి వానకు తడిసి అంకెలు చెరిగిపోయాయి, దాని వెనుక వెళ్లిన సభ్యుడు తేదీ, 15 డాలర్లు అని రాసి సంతకం చేశారు.