లిటిల్ రౌండ్ టాప్ పెట్టెలో కొలత తప్పిన బేసులు: మార్చి పంపవలసిందిగా ఫిర్యాదు

తిరుపతి,
12-06-2025.

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,
వినియోగదారుల సేవా విభాగం.

విషయం: అమెరికా అంతర్యుద్ధం టేబుల్‌టాప్ ఆట (28 మి.మీ. బొమ్మలు), లిటిల్ రౌండ్ టాప్ పెట్టె – బేసులు (బొమ్మలు నిలిపే పలకలు), ఫిరంగులు, జెండాలు, తుపాకుల్లో లోపాలు – మార్పిడి గురించి.

ఆర్యా,

మే నెలలో మీ దగ్గర కొన్న పెట్టె గురించి ఇది మా రెండో ఉత్తరం. మొదటిదానికి మీ సిబ్బంది ఇచ్చిన జవాబు: "బేసు కాస్త పెద్దదైనా రెండు పక్షాలకూ సమానమే కాబట్టి ఆటకు ఇబ్బంది లేదు." ఇబ్బంది ఉంది. అది ఎక్కడ వస్తుందో, ఎంత వస్తుందో మీ రూల్‌బుక్ లెక్కలతోనే చూపిస్తున్నాం. దయచేసి పెట్టెలోని ఒక బేసు, ఒక స్కేలు ఎదురుగా పెట్టుకుని చదవండి.

రూల్‌బుక్ ప్రకారం పదాతి బేసు వెడల్పు 50 మి.మీ., లోతు 40 మి.మీ. దాని మీద ముందు ముగ్గురు, వెనక ముగ్గురు. ఒక్కో బొమ్మ 20 మందికి లెక్క. బల్ల మీద అంగుళం అంటే నేల మీద 20 గజాలు. నాలుగు బేసుల రెజిమెంటులో 24 బొమ్మలు, అంటే 480 మంది. ఆనాటి పదాతి దళం రెండు వరుసల్లో భుజానికి భుజం ఆనించి నిలబడేది, మనిషికి సుమారు రెండడుగుల చోటు. వరుసకు 240 మంది చొప్పున నిలబడితే 480 అడుగులు, అంటే 160 గజాలు, బల్ల మీద 8 అంగుళాలు. నాలుగు బేసులు పక్కపక్కన పెడితే 200 మి.మీ. వస్తుంది, 8 అంగుళాలకు మూడే మి.మీ. తక్కువ. ఈ రూల్స్ రాసినవారు ఆ కాలపు కవాతు పద్ధతి తెలిసి రాశారని ఈ ఒక్క లెక్కే చెబుతుంది. అంత శ్రద్ధగా రాసిన ఆట బేసుల దగ్గర చెడిపోయిందనే మా బాధ.

మీరు పంపిన 27 బేసుల్లో ప్రతి ఒక్కటీ వెర్నియర్ కాలిపర్‌తో కొలిచాం. వెడల్పు 60 మి.మీ. ఉంది. లోతు మాత్రం సరిగ్గా 40. కటింగ్‌లో తేడా వస్తే రెండు వైపులా రావాలి, అదీ అర మి.మీ. లోపే ఉండాలి. కాబట్టి ఇది మిషన్ తప్పు కాదు, మిషన్‌కు ఇచ్చిన డ్రాయింగే వేరే ఆటది అయి ఉండాలి.

ఇప్పుడు యుద్ధం సంగతి చూడండి. 1863 జూలై 2న, గెటిస్‌బర్గ్ పోరు రెండో రోజున, లిటిల్ రౌండ్ టాప్ అనే కొండ మీద యూనియన్ (ఉత్తర రాష్ట్రాల) సైన్యంలోని విన్సెంట్ బ్రిగేడ్ కుడి నుంచి ఎడమకు ఇలా నిలబడింది: 16వ మిషిగన్, 44వ న్యూయార్క్, 83వ పెన్సిల్వేనియా, చివరన 20వ మెయిన్ (నాలుగూ ఆయా రాష్ట్రాల పేరున్న రెజిమెంట్లే). ఆ 20వ మెయిన్ ఎడమ కొసే మొత్తం యూనియన్ సైన్యానికి ఎడమ కొస. కాన్ఫెడరేట్ (దక్షిణ రాష్ట్రాల) పక్షపు 15వ అలబామా ఆ కొస చుట్టూ తిరిగి వెనక్కి రావాలని చూసింది, 20వ మెయిన్ నాయకుడు ఛాంబర్లిన్ తన ఎడమ సగాన్ని వెనక్కి మడిచి ఆపాడు. ఈ సందర్భంలో ఆటంతా ఆ కొసలోనే ఉంది.

మీ మ్యాపులో గట్టు అంచు 24 అంగుళాలు, అంటే 610 మి.మీ. దాని ఎడమ చివర నుంచి బల్ల అంచు దాకా 8 అంగుళాల ఖాళీ వదలమన్నారు, అంటే 203 మి.మీ. రెజిమెంటుకు మూడు బేసుల చొప్పున నాలుగు రెజిమెంట్లకు 12 బేసులు. 50 మి.మీ. బేసులైతే 600 మి.మీ., గట్టు మీద చక్కగా కూర్చుంటాయి. నాలుగు బేసుల 15వ అలబామా అడ్డవరుస 200 మి.మీ., ఆ ఖాళీలోంచి సరిగ్గా పడుతుంది. అది యాదృచ్ఛికం కాదు, రాసినవారు కావాలనే అలా కొలిచి పెట్టారు.

అదే 60 మి.మీ. బేసులతో పెట్టండి. యూనియన్ వరుస 720 మి.మీ. అవుతుంది. 20వ మెయిన్ గట్టు దాటి 110 మి.మీ. బయటికి వస్తుంది. పక్కన మిగిలే ఖాళీ 93 మి.మీ., అందులోంచి వెళ్లాల్సిన 15వ అలబామా వెడల్పు 240 మి.మీ. ఎడమ నుంచి చుట్టుకురావడం అసాధ్యం. ఛాంబర్లిన్ వరుస మడవాల్సిన అవసరమే రాదు. కాన్ఫెడరేట్ ఆటగాడికి మిగిలేది రాళ్ల మీదుగా ఎదురుగా ఎక్కి చావడమే. "రెండు పక్షాలకూ సమానం" అన్న మాట ఇక్కడ నిలవదు. వెడల్పు పెరిగితే కాపలా కాసేవాడికి లాభం, చుట్టూ తిరగాల్సినవాడికి నష్టం.

మలుపు తిరగడంలోనూ ఇదే గొడవ. నాలుగు బేసుల వరుస 45 డిగ్రీలు తిరిగితే బయటి కొస నడిచే దూరం 200 మి.మీ. వరుసకు 6.2 అంగుళాలు, 240 మి.మీ. వరుసకు 7.4 అంగుళాలు. నడక 8 అంగుళాలే కాబట్టి తిరిగాక ముందుకు వెళ్లడానికి 1.8 అంగుళాలు మిగలాల్సిన చోట 0.6 మిగులుతుంది. తుపాకి దూరం మాత్రం అదే 10 అంగుళాలు. తిరిగే రెజిమెంటు అనవసరంగా ఇంకో టర్ను తుపాకుల ముందే నిలబడాలి.

బేసులను మేమే కోసుకోమని మీ సిబ్బంది సలహా ఇచ్చారు. అది కుదరదు. బొమ్మల పాదాల కింది బిళ్ల 15 మి.మీ., దానికి తగ్గట్టే బేసులో గుంటలున్నాయి. గుంటల నడిమధ్యల మధ్య దూరం 20 మి.మీ., చివరి గుంట నడిమధ్య నుంచి అంచుకు 10 మి.మీ. రెండు పక్కలా ఐదేసి మి.మీ. కోస్తే ఆ దూరం 5 అవుతుంది, గుంట సగం వ్యాసం 7.5. అంటే గుంట గోడే తెగిపోతుంది, చివరి బొమ్మలు అంచు దాటి పక్క బేసును నెడతాయి. కొత్త బేసుల్లో గుంటలు 16.5 మి.మీ. దూరంలో, అంచు నుంచి 8.5 మి.మీ. లోపలికి ఉండాలి. దూరాలన్నీ 1.2 రెట్లు పెంచి ఆడుకోవచ్చు కదా అంటారేమో. అప్పుడు ఆరడుగుల బల్ల ఏడడుగులు దాటాలి, మీరు అచ్చువేసిన కొలకర్ర, గట్టు ముక్క రెండూ పారేయాలి.

ఫిరంగుల విషయం. ఆ కొండ మీద ఉన్నది హాజ్‌లెట్ బ్యాటరీ, ఆరు 10 పౌండర్ పారట్ ఫిరంగులు. రెండిటికి ఒకటి చొప్పున మూడు నమూనాలు ఇవ్వడం సరైనదే. యూనిట్ కార్డు మీద కూడా పారట్ అనే ఉంది. కానీ పెట్టెలో వచ్చిన గొట్టాలు నెపోలియన్ అనే మరో రకం ఫిరంగివి. పారట్ గొట్టానికి వెనక భాగంలో మందపాటి ఇనుప పట్టీ చుట్టి ఉంటుంది, దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. నెపోలియన్ కంచు గొట్టం, పట్టీ ఉండదు, మూతి దగ్గర ఉబ్బు ఉంటుంది. ఆటలో దీని ఫలితం పెద్దది. పారట్ రంధ్రం 2.9 అంగుళాలు, నెపోలియన్‌ది 4.62. దగ్గర్లో గుండ్ల డబ్బా పేల్చితే నెపోలియన్ దెబ్బే ఎక్కువ. అసలు హాజ్‌లెట్ ఫిరంగుల మూతులు కింది వాలుకు వంగలేదు కూడా. కొండ మీద నెపోలియన్ నమూనా కనిపిస్తే కొత్త ఆటగాడు నెపోలియన్ పట్టికే చూసి డైసు వేస్తాడు.

చక్రాలు కూడా తప్పే. అసలు చక్రం 57 అంగుళాలు, 14 ఆకులు. బొమ్మల స్కేలు 1:56 లెక్కన 26 మి.మీ. రావాలి. మీవి 22 మి.మీ., 12 ఆకులు. బండి కుంగినట్టు కూర్చుని, ఫిరంగి మూతి ఉండాల్సినదానికంటే 2 మి.మీ. కిందికి దిగింది.

జెండాల షీటు మీద యూనియన్ జాతీయ జెండాకు 35 నక్షత్రాలున్నాయి. 35వ నక్షత్రం చేరింది 1863 జూలై 4న, అంటే గెటిస్‌బర్గ్ పోరు ముగిసిన మర్నాడు. ఇక్కడ 34 ఉండాలి. కాన్ఫెడరేట్ పక్షపు ఉత్తర వర్జీనియా సేన పదాతి జెండా చతురస్రం, 48 అంగుళాలు, అంటే 22 మి.మీ. మీరు దాన్ని దీర్ఘచతురస్రంగా అచ్చువేశారు.

ఇక తుపాకులు. 162 బొమ్మల్లో 41 తుపాకులు వంగి ఉన్నాయి. తిరుపతి ఎండకు కొరియర్‌లోనే మెత్తబడి ఉంటాయని రాశారు. మే నెలలో ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే, కాదనం. కానీ ఎండకు వంగితే అన్ని భంగిమల్లోవీ, తలా ఒక దిక్కుకు వంగాలి. వంగినవన్నీ ఒకే భంగిమవి, తుపాకి కుడి భుజాన వేసుకుని నడిచేవి, అన్నీ ఎడమకే. పైగా ఆ భంగిమకు మాత్రమే ఫ్రేము (అచ్చులోంచి బొమ్మలతో కలిసి వచ్చే చట్రం) అతుకు తుపాకి కొసన ఉంది. అచ్చు చల్లారక ముందే ఫ్రేము లాగినట్టు తెలుస్తోంది. 80 డిగ్రీల నీళ్లలో అర నిమిషం ముంచి, సరిచేసి, చల్లనీళ్లలో పెడితే నిటారు అవుతుంది. మర్నాటికి మళ్లీ అదే వంపు. అచ్చులో పడ్డ వంపు ఇలాగే తిరిగి వస్తుంది.

మాకు కావలసినవి: 50 × 40 మి.మీ. బేసులు 27, పారట్ గొట్టాలు 3, 26 మి.మీ. చక్రాలు 6, సరిచేసిన జెండాల షీటు, కుడి భుజాన తుపాకి వేసుకున్న బొమ్మలు 41. మీరు ఇస్తామన్న డిస్కౌంట్ కూపను వద్దు. బేసులు ఎం.డి.ఎఫ్. (చెక్కపొట్టు నొక్కి చేసిన పలక) అయితే రెండు వైపులా, అంచులకూ సీలర్ వేసి పంపండి. ఒక వైపే రంగు వేస్తే ఇక్కడి అక్టోబరు, నవంబరు వానల్లో చెమ్మ పట్టి దొప్పలా వంగుతాయి. బొమ్మలను ఒకే కవర్లో కుక్కకుండా స్పాంజి మధ్య పెట్టండి. మిగిలిన స్టాకులోని బేసులనూ కొలిపించండి, ఇదే డ్రాయింగుతో కోసినవి ఇంకెందరికో వెళ్లి ఉంటాయి.

కొలతల ఫోటోలు, బిల్లు నకలు, మీ మొదటి జవాబు దీంతో జతచేశాం. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో ఈ ఫిర్యాదు అందినట్టు తెలియజేసి, నెలలోగా పరిష్కరించాలి. అలా జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మేముండే చోటనే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. ఈలోగా బేసు కొలతలపై మీ డిజైన్ విభాగం నేరుగా మాట్లాడదలిస్తే మేము సిద్ధం.

ఇట్లు,
తిరుపతిలో ఈ ఆట ఆడే మిత్రులం.