మన సంఘం వార్షిక నివేదిక: ఎన్నికల పిటిషన్ల చుట్టూ ఒక ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

పోయినసారి సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దాయన లేచి, "కొత్తగూడెం ఎమ్మెల్యే ఎన్నిక చెల్లదని 2023లో హైకోర్టు చెప్పింది కదా, మరి ఆయన సీటు ఎలా నిలిచింది?" అని అడిగారు. వేదిక మీదున్న మాలో ఎవరికీ జవాబు తెలీలేదు. ఈ ఏడాది నెలవారీ చర్చలన్నీ ఆ ప్రశ్న పట్టుకునే నడిచాయి.

మొదట 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చదివాం. ఒక ఎన్నిక చెల్లదని సవాలు చేయాలంటే, ఫలితం వచ్చిన 45 రోజుల్లోగా హైకోర్టులో పిటిషన్ వేసి, రూ.2,000 డిపాజిట్ కట్టాలి. ఓడిన అభ్యర్థే కాదు, ఆ నియోజకవర్గం ఓటరు ఎవరైనా వేయొచ్చు, ఆ రోజు ఓటేయకపోయినా సరే. ఇది మాలో చాలామందికి కొత్త సంగతి. గడువు ఒక్కరోజు దాటినా అంతే, ఆలస్యాన్ని మన్నించడం లేదు. అదే కోర్టుల దగ్గరికి వచ్చేసరికి, హైకోర్టు ఆరు నెలల్లో, అప్పీలైతే సుప్రీంకోర్టు మూడు నెలల్లో తేల్చడానికి "ప్రయత్నించాలి" అని రాసి వదిలేశారు. ఆ ఒక్క మాట మీదే ఒక ఆదివారం పూటంతా వాదించుకున్నాం. టీ రెండుసార్లు తెప్పించాల్సొచ్చింది.

కొత్తగూడెం కేసుకు తేదీలన్నీ బోర్డు మీద రాశాం. 2018 డిసెంబరులో వనమా వెంకటేశ్వరరావు గెలిచారు. నామినేషన్‌తో పాటు ఇచ్చే ప్రమాణపత్రం, అంటే అఫిడవిట్‌లో వివరాలు దాచారని ఓడిన అభ్యర్థి జలగం వెంకటరావు పిటిషన్ వేశారు. 2023 జూలై 25న తీర్పు వచ్చింది: వనమా ఎన్నిక చెల్లదు, జలగమే ఎమ్మెల్యే. ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలును ఆపుతూ స్టే ఇచ్చింది. నవంబరు 30న తర్వాతి అసెంబ్లీ ఎన్నికల పోలింగే జరిగిపోయింది. స్టే పడితే ఆ తీర్పు అసలు అమల్లోకే రానట్టు లెక్క అని ఆ చట్టం 116బి సెక్షన్‌లోనే ఉంది. పెద్దాయనకు జవాబు అక్కడ దొరికింది. గద్వాల ఎమ్మెల్యే ఎన్నిక కూడా చెల్లదని అదే ఏడాది హైకోర్టు ఇచ్చిన తీర్పుకూ అదే గతి పట్టింది.

గెలిచినాయనకు అప్పీలు హక్కు ఉండాల్సిందే, అందులో మాకు పేచీ లేదు. కానీ నాలుగున్నరేళ్ళ తర్వాత వచ్చిన తీర్పు ఎవరి చేతిలో పెట్టాలి? 2018లోనే ధర్మపురిలో మెజారిటీ 441 ఓట్లే, ఆ ఫలితం మీదా పిటిషన్ పడింది. ఆ వివాదంలో ఎన్నికల సామగ్రి భద్రపరిచిన స్ట్రాంగ్ రూం తాళంచెవులు కనిపించక, 2023లో చివరికి తాళాలు పగలగొట్టి తెరిచారు. ఈ ముక్క చదివినప్పుడు నవ్వినవాళ్ళున్నారు, తల పట్టుకున్నవాళ్ళూ ఉన్నారు.

అఫిడవిట్ చదవడం మీద ఒకరోజు శిక్షణ పెట్టాం. హాలువాళ్ళు అదే రోజు ఇంకొకరికీ ఇచ్చేయడంతో వరండాలో కానిచ్చాం. పిటిషన్లు త్వరగా విచారించాలని ఒక కార్యాలయానికి వినతిపత్రం పంపాం, జవాబు రాలేదు, మళ్ళీ పంపుతాం.

లెక్కలు కోశాధికారి విడిగా చదువుతారు. జిరాక్సుల ఖర్చు అనుకున్నదానికన్నా బాగా ఎక్కువైంది. తీర్పులు అంత పొడుగుంటాయని మేం అనుకోలేదు.