రోగమని కొట్టిపారేయకండి, జాగ్రత్తలు చెప్పండి

సంపాదకుడు గారికి,

గత ఆదివారం మీ సందేహాల శీర్షికలో ఒక పాఠకుడు, పడకగదిలో భార్య చెప్పినట్టు లోబడి ఉండటం తనకు ఇష్టమని, ఆమెకూ అది ఇష్టమేనని, ఇందులో తప్పుందా అని అడిగారు. ఇది మానసిక రోగమని మీరు ఒక్క ముక్కలో తేల్చేశారు. కౌన్సెలింగ్ చేసేదాన్ని కాబట్టి అది చదివి ఊరుకోలేకపోయాను. ఇద్దరు పెద్దవాళ్లు మనస్ఫూర్తిగా ఒప్పుకొని నడుపుకునే ఇలాంటి బంధం రోగం కాదు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితా ఐసీడీ-11లో, ఎదుటివాళ్ల ఇష్టం లేకుండా హింసించడాన్నే ఈ కోవలో రుగ్మతగా ఉంచారు. దయచేసి ఆ జవాబును సరిదిద్దండి.

అడిగితే రోగమంటారన్న భయంతో మన పిల్లలు ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకుంటున్నారు. మొన్న వేసవిలో పెళ్లయిన ఒక అమ్మాయి మెడకు చున్నీ చుట్టుకొని వచ్చింది. అంత ఉక్కలోనూ తీయలేదు. నీళ్లు తాగుతుంటే చున్నీ జారింది. మెడ మీద వేళ్ల అచ్చులు కమిలి ఉన్నాయి. "కొట్టలేదు మేడమ్, నేనే సరే అన్న" అంది. ఆమె సరే అన్నది చేతులు కట్టడానికి. మెడ సంగతి ఇద్దరూ మాట్లాడుకోనే లేదు. మధ్యలో వద్దనొచ్చని ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు.

గొంతు నొక్కడానికి ప్రమాదం లేని పద్ధతంటూ లేదు. మెడలోని రక్తనాళాలు నొక్కుకుపోతే సెకన్లలో స్పృహ తప్పుతుంది, కొన్ని రోజుల తర్వాత పక్షవాతం కూడా రావచ్చు. గొంతు బొంగురుపోయినా, మింగడం కష్టమైనా సిగ్గుపడకుండా ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లాలి.

కొత్తవాళ్లు ముందే తీరిగ్గా కూర్చొని ఏది ఇష్టమో, ఏది ససేమిరా కుదరదో మాట్లాడుకోవాలి. ఆపమనడానికి ఒక మాట అనుకోవాలి. చాలామంది 'రెడ్' అంటే పూర్తిగా ఆపాలని, 'ఎల్లో' అంటే నెమ్మదించాలని పెట్టుకుంటారు. మాట్లాడే వీలు లేకపోతే చేతిలో తాళాల గుత్తి పట్టుకొని, కింద పడేస్తే ఆపెయ్యాలి. మందు తాగి ఉన్నప్పుడు అసలు వద్దు. కట్టినప్పుడు కత్తెర పక్కనే ఉండాలి. తిమ్మిరి అనగానే విప్పాలి, కట్టినవాళ్లను ఒంటరిగా వదలకూడదు. అయిపోయాక వెంటనే లేచి పోవద్దు. కొందరికి ఏడుపొస్తుంది, వణుకొస్తుంది. పక్కనే ఉండి మంచినీళ్లిచ్చి మాట్లాడాలి.

ఆన్‌లైన్లో పరిచయమైన వాళ్లతో ఇంకా జాగ్రత్త. మొదటిసారి నలుగురూ తిరిగే భద్రకాళి బండ్ లాంటి చోటే కలవాలి, స్నేహితురాలికి చెప్పి వెళ్లాలి. లోబడటమంటే జీతం కార్డు, ఫోన్ పాస్‌వర్డ్ ఇచ్చెయ్యాలని, అమ్మానాన్నలతో మాట్లాడటం మానెయ్యాలని అన్నారంటే అది వేధింపే. అలాంటప్పుడు ఆడపిల్లలు 181కి ఫోన్ చేయొచ్చు. ఫొటోలు బయటపెడతామని బెదిరిస్తే డబ్బు పంపకుండా, చాట్లు చెరపకుండా 1930కి చెప్పండి. ఈ నంబర్లను మీ సందేహాల శీర్షిక కింద ప్రతి వారం వేయండి.

- ఒక కౌన్సెలర్, హన్మకొండ