సూది రోజున తల్లినీ చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ మహిళా పేజీలో పసిపిల్లల తల్లులకు ఇచ్చిన సలహాలు చదివాను. నాలుగు రోజులు ఊరుకున్నాను, ఇక ఉండబట్టలేక రాస్తున్నాను. పొద్దున్నే అరగంట నడవండి, నానబెట్టిన బాదం తినండి, ఎనిమిది గంటలు నిద్రపొండి అని రాశారు. ఏడాది నిండని బిడ్డను ఒళ్లో పెట్టుకున్న ఏ అమ్మాయికి ఎనిమిది గంటల నిద్ర దొరుకుతుందండీ? ఉన్న చాకిరీకి తోడు తన ఆరోగ్యాన్నీ ఆమె నెత్తినే పెట్టారు. ఆమెను చూడాల్సిన వాళ్ల గురించి ఒక్క ముక్క రాయలేదు.

మా అమ్మాయి పురిటికి మా ఇంటికే వచ్చింది. ఆపరేషన్ కాన్పు. బాబుకు ఒకటిన్నర నెల సూది వేయించడానికి దగ్గరలోని ఆరోగ్య ఉపకేంద్రానికి వెళ్లాం. బాబును తూకం వేశారు, కార్డులో గీత మీద చుక్క పెట్టారు, జ్వరమొస్తే మందు ఎంత వేయాలో రెండుసార్లు చెప్పారు. ఆ పని చక్కగా చేశారు. మా అమ్మాయి మాత్రం గోడ పట్టుకుని నిలబడింది, ముఖంలో నెత్తురు చుక్క లేదు. ‘‘దీనికీ ఒకసారి బీపీ చూడమ్మా’’ అన్నాను. ‘‘ఇయ్యాల పిల్లల సూదులే మేడం, తల్లులను చూడమని మాకు చెప్పలే’’ అంది నర్సమ్మ. ఆమెను తప్పుపట్టను, బయట ఇంకా పాతికమంది తల్లులు కూర్చున్నారు. కానీ బీపీ మిషన్ అదే బల్ల మీద ఉంది.

మర్నాడు బయట డబ్బులు పెట్టి రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.1, అంటే రక్తం బాగా తక్కువ. ఇంటికొచ్చి అల్మారా తీసి చూశాను. ఆస్పత్రిలో ఇచ్చిన ఎర్ర ఐరన్ మాత్రల అట్టలు చింపకుండా అలాగే ఉన్నాయి. వాటి పక్కనే బాబు విటమిన్ డి చుక్కల సీసా సగానికి పైగా అయిపోయింది. బిడ్డకు ఒక్క రోజు తప్పలేదు. ‘‘కాన్పు అయిపోయింది కదమ్మా, ఇంకెందుకనుకున్నా’’ అంది. కాన్పయ్యాక కూడా 180 రోజులు రోజుకొకటి వేసుకోవాలని, టీతో పాటు మింగితే ఒంటికి పట్టదని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, కారప్పొడి పథ్యం పెట్టి, ఆకుకూరలు శీతలమని, నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట వస్తుందని మా అత్తగారు నాకు చెప్పిన మాటలే దానికి చెప్పాను. ఆ తప్పు తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇది మా ఇంటి గోడు మాత్రమే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57.6 మందికి రక్తహీనత. అంతకుముందు సర్వేలో 56.6. తగ్గాల్సింది పెరిగింది. నూటికి అరవై కాన్పులు ఆపరేషన్లేనని చెప్పిందీ ఆ సర్వేనే. కుట్లు మానకముందే బిడ్డనెత్తుకుని తిరిగే తల్లులు ఇంతమంది ఉన్న రాష్ట్రంలో వాళ్లకంటూ ఒక రోజు, ఒక చోటు లేకపోతే ఎలా?

అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి భోజనం ఉంది కదా అంటారు అధికారులు. ఉంది, గుడ్డు, పాలు, పప్పన్నం మంచివే. కానీ బాలింతకు ఆ భోజనం బిడ్డకు ఆరు నెలలు నిండేవరకే. తర్వాత బిడ్డ పాలు మానేస్తాడా? పైగా మధ్యాహ్నం అక్కడికే వెళ్లి తినాలి. పత్తి ఏరడానికి పోయే ఆడమనిషి ఆ వేళకు చేనులో ఉంటుంది. 2023 మార్చి 8న ఆడవాళ్లకు పరీక్షలు చేసే ఆరోగ్య మహిళ క్లినిక్‌లు మొదలుపెట్టారు, సంతోషం. అవి మంగళవారం. పిల్లల సూదులేమో బుధవారం, శనివారం. ఒకే వారంలో రెండు రోజులు కూలి పోగొట్టుకుని ఏ తల్లి వస్తుంది? బిడ్డ కోసం ఒక రోజు పోగొట్టుకుంటుంది, తన కోసం పోగొట్టుకోదు. ఈ సంగతి ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. ఆగస్టులో తల్లిపాల వారోత్సవాలు, సెప్టెంబరులో పోషణ మాసం అంటూ బ్యానర్లు కడతారు, కూరగాయలతో ముగ్గులు వేయిస్తారు, ఫొటోలు తీస్తారు, ప్రతిజ్ఞ చేయిస్తారు. ఆ ముగ్గు చుట్టూ నిలబెట్టిన తల్లుల్లో ఎంతమంది వేలికి సూది గుచ్చి రక్తం చూశారో చెప్పమనండి. ఫొటో దిగితే పని అయిపోయినట్టే.

నేను కొత్త పథకం అడగడం లేదు. బిడ్డకు ఒకటిన్నర నెల, రెండున్నర నెల, మూడున్నర నెల, తొమ్మిదో నెల, పదహారో నెల సూదులకు తల్లి ఎవరూ పిలవకుండానే వస్తుంది. ఐదుసార్లు మన గుమ్మం దాకా వచ్చిన మనిషిని చూడకుండా పంపుతున్నాం. ఆ ఐదుసార్లూ ఆమె బీపీ చూడండి, వేలి రక్తంతో హిమోగ్లోబిన్ చూడండి, కుట్ల దగ్గర నొప్పి ఉందా, నిద్ర పడుతోందా, ఊరికే ఏడుపొస్తోందా అని అడగండి. దాని కోసం అక్కడ ఇంకో మనిషిని వేయండి, ఉన్న నర్సమ్మ మీదే రుద్దకండి. ఆ కార్డు పేరే తల్లీబిడ్డల కార్డు. మా అమ్మాయి కార్డులో కాన్పు తర్వాత తల్లి గడులన్నీ ఖాళీ.

వచ్చే బుధవారం మా మనవడికి తొమ్మిదో నెల సూది. నేనూ వెంట వెళ్తున్నాను. బీపీ చూడమని మళ్లీ అడుగుతాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, జగిత్యాల జిల్లా