మల్కాపురం శాసనం చూసొచ్చిన యాత్ర: జమా ఖర్చుల వివరణ

చందా ఇచ్చిన 62 మందికీ నమస్కారం. మీరిచ్చిన మొత్తం రూ.31,500. డబ్బాలో పడ్డది రూ.2,385, పోయినేడాది నిల్వ రూ.1,160. కలిపి జమ రూ.35,045.

బస్సు అద్దె రూ.9,500, డ్రైవర్ బత్తా రూ.500. మైకు, కుర్చీలకు రూ.2,800, జిరాక్సులకు రూ.1,275. నాలుగు ఫ్లెక్సీలకు రూ.3,600. వాటిలో ఒకదాని మీద శాసనం వేసిన సంవత్సరం 1261 బదులు 1621 అని పడింది. ప్రూఫ్ చూసింది మేమే కాబట్టి మళ్లీ వేయించడానికి సగం, అంటే రూ.450, ఈ జమలోంచే కట్టాం.

భోజనాలకు రూ.13,200. చరిత్ర పేరుతో వసూలు చేసి అన్నాలకు ఖర్చు పెట్టారేమిటని ఇద్దరు అడిగారు. అడగాల్సిందే. కానీ మనం చూసొచ్చిన రాతి మీదున్నదీ ఇలాంటి పద్దే. కాకతీయ రాజు గణపతిదేవుడు ఇస్తానన్న మందడం ఊరిని ఆయన కూతురు రుద్రమదేవి వెలగపూడితో కలిపి తమ గురువు విశ్వేశ్వర శివాచార్యులకు ఇచ్చింది. కొంత భూమి బ్రాహ్మణ కుటుంబాలకు పోగా మిగిలినది మూడు వాటాలు చేశారు. ఒకటి గుడికి, ఒకటి మఠానికీ విద్యార్థులకూ. మూడోది ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రానికి. వైద్యుడికి, లెక్కలు రాసే కాయస్థుడికి కూడా జీవనం చూపించారు. సత్రంలో బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా ఎవరొచ్చినా అన్నం పెట్టాలని రాశారు. భూమి మాత్రం అందరికీ రాలేదు, అది కూడా చెప్పుకోవాలి. ఏడున్నర శతాబ్దాల కింద కాన్పు ఖర్చుకు ఊరి ఆదాయంలోంచి వాటా తీసిపెట్టారని విని, మాతో వచ్చిన ఆశా కార్యకర్త ఆ స్తంభం చుట్టూ రెండుసార్లు తిరిగి "ఏ వైపు రాశారండీ ఆ మాట?" అని అడిగింది. సంస్కృతం రాని మేం చూపించలేకపోయాం. ఈసారి చదివేవాళ్లను వెంట తీసుకెళ్లాలి.

మొత్తం ఖర్చు రూ.31,325. నిల్వ రూ.3,720. ఆ డబ్బు ప్రభుత్వాసుపత్రి ప్రసూతి వార్డులో మంచినీళ్ల క్యాన్లకు ఇద్దామని కొందరు, మళ్లీ యాత్రకు ఉంచుదామని కొందరు అంటున్నారు. వచ్చే మీటింగులో తేలుద్దాం.

బిల్లులు ఫైల్లో ఉన్నాయి. ఆదివారం సాయంత్రం 5 నుంచి 7 దాకా ఎవరైనా చూసుకోవచ్చు. డ్రైవర్ బత్తాకు మాత్రం రసీదు లేదు.