నీ లుంగీ ఎక్కడుందంటే

శ్రీకాకుళం,
ఆదివారం

ఒరేయ్ మిత్రమా,

నా లుంగీ ఎక్కడరా అని నువ్వు రాసిన ఉత్తరానికి జవాబు ఆలస్యమైందని తిట్టుకుంటూ ఉంటావు. తప్పు నాది కాదు, బీరువాది. తలుపు తీస్తే చాలు, బట్టలు మీద పడుతున్నాయని ఇంట్లో గొడవైతే, సర్దుతానని మాట ఇచ్చాను. లెక్కపెడితే ముప్పై ఒక్క చొక్కాలు! మార్చి మార్చి తొడిగేవి ఏడు. మిగతావి ఎందుకు కొన్నానో నాకే తెలియదు.

పాత బట్టలు తెస్తే కొత్తవాటి మీద తగ్గింపు అని ఒక దుకాణం ముందు బోర్డు కనిపించింది. నాలుగు చొక్కాలు సంచిలో వేసుకుని వెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు సంచిలో ఐదున్నాయి, అన్నీ కొత్తవి. నవ్వకు, మా ఆవిడ నవ్వలేదు. ఆ పాతవాటిని ఏం చేస్తారు బాబూ అని కౌంటరులో కుర్రాడిని అడిగితే, "పైకి పంపేస్తామండి" అన్నాడు. ఆ పై ఎక్కడో పాపం అతనికీ తెలియదు.

అక్కడ పట్టుకుంది నాకు ఈ పిచ్చి. బట్టల తయారీకి వాడిన సరుకులో మళ్లీ కొత్త బట్టగా మారేది 1 శాతం కూడా లేదని వస్తువులను పారేయకుండా మళ్లీ మళ్లీ వాడాలని పనిచేసే ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ అనే సంస్థ 2017లో ఒక నివేదికలో రాసింది. ఇనుము కరిగి మళ్లీ ఇనుమవుతుంటే చొక్కాకేం వచ్చిందిరా అనుకున్నాను. కాలరు వెనక చీటీ తిరగేశాను: 60 శాతం పత్తి, 40 శాతం పాలిస్టర్. ఆ రెండూ కలిసిన దారాన్ని విడదీయడమంటే సాంబారులోంచి చింతపండు పులుసు వెనక్కి తీయడమే. రసాయనాలతో విడదీసే పద్ధతులున్నాయి గాని ఖర్చు ఎక్కువ. అచ్చంగా నూలుగుడ్డే అయినా, యంత్రంలో చీలిస్తే పోగులు పొట్టివైపోతాయి. కొత్త పత్తి కలిపితే గాని గట్టి దారం రాదు. హర్యానాలోని పానిపట్‌లో పాత ఉన్ని బట్టలను అలాగే చీల్చి, వడికి, దుప్పట్లు నేస్తారు. స్వెట్టరు దుప్పటి కావడం మంచిదే, కానీ మళ్లీ స్వెట్టరు కాలేదు కదా.

అందుకని ఉన్నదాన్నే ఇంకొన్నాళ్లు తొడుగుదామని, కాలరు చిరిగిన నీలం చొక్కా పట్టుకుని మా వీధి చివర అరుగు మీద కుట్టే దర్జీ దగ్గరికి వెళ్లాను. ఆయన మాట్లాడకుండా బ్లేడు తీసి, కాలరు కుట్టు ఒక్కొక్క పోగే తెంపాడు. ఊడిన కాలరును తిరగేసి, చిరుగు కిందికి పోయేలా పెట్టి, మళ్లీ కుట్టేశాడు. పావుగంట పని. కాలరు పైన కొంచెం ముదురు రంగు కనిపిస్తుంది, ఎండ తగలని వైపు కదా. పది మందికి చూపించాను, ఎవరూ కనిపెట్టలేకపోయారు. "ఇప్పుడెవరూ అడగటం లేదండి, కొత్తది కొనేస్తున్నారు" అన్నాడాయన. ఒక్క నూలు టీషర్టు వెనక, పత్తి చేను నుంచి లెక్కేస్తే, సుమారు 2,700 లీటర్ల నీళ్లున్నాయని చెప్పాను. "అయితే నా నలభై రూపాయలు తక్కువేనండీ" అన్నాడు!

ఇక అమ్మ సంగతి. నాన్న పొందూరు పంచెలు ట్రంకు పెట్టెలో ఉన్నాయి చూడు, వాటితో బొంత కుట్టిస్తానంది. వాలుగ చేప దవడతో ఏకి, చేత్తో వడికిన పత్తి అది, ఇన్నేళ్లయినా వెన్నలా ఉంది. పొరలు వేసేటప్పుడు నా పాలిస్టర్ చొక్కాలు రెండు ఇవ్వబోతే అమ్మ విసిరి కొట్టింది, చెమట పీల్చని గుడ్డ బొంతలో ఎందుకని. మన ఇళ్లలో పంచె ముందు తువ్వాలయ్యేది, తర్వాత బొంత, ఆఖరికి పొయ్యి దగ్గర మసిగుడ్డ. అప్పటివాళ్లు మహాజ్ఞానులై అలా చేశారని నేననను. డబ్బుల్లేక చేశారు. కానీ పంచెలో పత్తి తప్ప వేరే ఏదీ లేకపోబట్టే అన్ని అవతారాలెత్తింది.

నాలుగో పొరకు గుడ్డ చాలలేదు. పోయిన సంక్రాంతికి నువ్వు మా ఇంట్లో వదిలేసి వెళ్లిన గళ్ల లుంగీ ఉంది కదా, అచ్చం నూలు. నిన్ను అడగకుండానే కత్తిరించేశాం. వచ్చే పండక్కి వస్తే దాని మీదే పడుకుందువుగాని.

నీ,
పక్క బెంచీ వాడు